పదో వరుసకీ పదకొండో వరుసకీ మధ్య

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్‌లో ఒరాకిల్ కోర్సుకి చేరినా మొదటి వారంలోనే పద్నాలుగు మంది పరిచయమయ్యేవాళ్లు. స్మిత్, అలెన్, వార్డ్, జోన్స్, మార్టిన్, బ్లేక్, క్లార్క్, స్కాట్, కింగ్, టర్నర్, ఆడమ్స్, జేమ్స్, ఫోర్డ్, మిల్లర్. ఎంప్ అనే టేబుల్‌లో ఉద్యోగులు వీళ్లు. ఒరాకిల్ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరు యూజర్‌నేమ్‌గానూ, ఆయన ఇంటి పిల్లి టైగర్ పేరు పాస్‌వర్డ్‌గానూ కొట్టి అందులోకి వెళ్లేవాళ్లం. కరీంనగర్ నుంచో ఒంగోలు నుంచో వచ్చి, హాస్టల్లో దిగి, జిరాక్స్ మెటీరియల్ చంకన పెట్టుకుని తిరిగిన తరానికి పక్క మంచం వాళ్ల ఊరు తెలియకపోయినా కింగ్ జీతం 5000 అని తెలుసు. రెండో పెద్ద జీతం ఎవరిది, మూడో పెద్ద జీతం ఎవరిది అని ఇంటర్వ్యూల్లో అడుగుతారని ఆ అంకెలు బట్టీపట్టాం. నాకు అవి ఇప్పటికీ నోటికి వస్తాయి.

ఆ పద్నాలుగు మందినీ జీతాల ప్రకారం పైనుంచి కిందికి పేర్చి చూడండి. కింగ్ 5000, స్కాట్ 3000, ఫోర్డ్ 3000, జోన్స్ 2975, బ్లేక్ 2850, క్లార్క్ 2450, అలెన్ 1600, టర్నర్ 1500, మిల్లర్ 1300. తొమ్మిది మంది అయ్యారు. పదో స్థానం దగ్గర ఇద్దరున్నారు, వార్డ్, మార్టిన్. ఇద్దరిదీ 1250. ఇద్దరూ సేల్స్‌మెన్, ఇద్దరిదీ 30వ నంబరు డిపార్ట్‌మెంటే. వాళ్ల కింద ఆడమ్స్, జేమ్స్, స్మిత్. ఇప్పుడు పేజీకి పది వరుసల చొప్పున చూపించే వెబ్‌పేజీ ఒకటి రాశామనుకోండి. పేజీని తెంపే గీత సరిగ్గా వార్డ్‌కీ మార్టిన్‌కీ మధ్యనుంచి పోతుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది చేతుల్లో నలిగిన ఈ చిన్న టేబుల్‌లో మా పనిలోని అతి మొండి తప్పు ఒకటి అలా కూర్చుని ఉంది.

మొదటి పేజీలో పదో వరుస ఎవరిది? డేటాబేస్ దగ్గర దీనికి జవాబు లేదు, ఉండనవసరం కూడా లేదు. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదిస్తూ రాసిన వ్యాసంలో, అప్పటి డేటా వ్యవస్థలు వదిలించుకోవాల్సిన బంధనాల్లో మొట్టమొదట చెప్పింది వరుసమీద ఆధారపడటం గురించే. ఆయన లెక్కలో టేబుల్ ఒక సమితి. పదో తరగతిలో సమితులు చదివినవాళ్లకి తెలుసు, సమితిలో మూలకాలకి ముందూ వెనకా ఉండవు. వరుస కావలసినవాళ్లు ఆర్డర్ బై అని అడిగి చెప్పించుకోవాలి. జీతం ప్రకారం అంటే జీతం తేడా ఉన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది. జీతాలు సమానమైన చోట మనం చెప్పింది అయిపోయింది, అక్కణ్నుంచి దాని వీలు. ఆర్డర్ బైలో ఇచ్చిన విలువలు సమానంగా ఉన్న వరుసల్ని సర్వర్ ఏ క్రమంలోనైనా ఇవ్వొచ్చని, ఒక్కోసారి ఒక్కోలా ఇవ్వొచ్చని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ హెచ్చరిస్తుంది.

చూసేవాళ్లకి రెండు పేజీలూ ఒకే జాబితాలో ముక్కలు. డేటాబేస్‌కి అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటి పేజీ అడిగినప్పుడు టేబుల్ అంతా తిరిగి, పై పది మందిని మాత్రం చేతిలో ఉంచుకుని మిగతా వాళ్లని వదిలేస్తే దానికి పని తీరిపోతుంది. రెండో పేజీ అడిగినప్పుడు పదిమందిని దాటించాలి కాబట్టి ఇరవై మంది దాకా చేతిలో పెట్టుకోవాలి. పద్ధతి మారింది, సమానుల క్రమం కూడా మారొచ్చు. మొదటి పేజీలో వార్డ్ పదోవాడిగా వస్తాడు. రెండో పేజీ తెరిస్తే అక్కడ మొదట మళ్లీ వార్డే ఉంటాడు. పేజీ అడుగున మొత్తం 14 అని రాసి ఉంటుంది. రెండు పేజీల్లో వరుసలు లెక్కపెడితే 14 వస్తాయి. మనుషులు 13 మంది. మార్టిన్ ఏ పేజీలోనూ లేడు.

నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచిన సంగతి ఇక్కడుంది. వార్డ్ రెండుసార్లు కనిపించాడని ఎవరో ఒకరు టికెట్ రైజ్ చేస్తారు. స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీత గీసి, డూప్లికేట్ రికార్డ్స్ అని సబ్జెక్ట్ పెట్టి పంపుతారు. మార్టిన్ కనిపించలేదని ఎవరు పంపుతారు? చూసేవాళ్లకి అతను ఉన్నాడనే తెలియదు. మార్టిన్‌కేమో తనని ఎవరో వెతికారనీ, పేజీలు తిప్పారనీ, తాను లేకుండానే జాబితా ముగిసిందనీ తెలియదు. ఎక్కువైనది కంటికి కనబడుతుంది. తక్కువైనదాని తరఫున మాట్లాడే మనిషి ఉండరు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఫిర్యాదులుగా మారి మా దగ్గరికి వస్తాయన్న నమ్మకం మీదే మా పనంతా నడుస్తుంది కదా. ఫిర్యాదు రాలేని తప్పు ఒకటి ఉందని తెలిశాక నాకు ఆ నమ్మకం మునుపటిలా లేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఇలాంటి కోడ్ రివ్యూకి పంపింది. చాలా శుభ్రంగా రాసింది. టేబుల్, ఫిల్టర్లు, తేదీ ప్రకారం సార్ట్, కింద పేజీల నంబర్లు అన్నీ ఉన్నాయి. "తేదీ తర్వాత ఇంకేం లేదేంటమ్మా?" అని కామెంట్ పెట్టాను. నా డెస్క్ దగ్గరికే వచ్చి, "ఇంకేం కావాలక్కా, తేదీ ప్రకారమే కదా క్లయింట్ అడిగింది? టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి" అంది. టెస్ట్ డేటా తెరిచి చూశాం. ఇరవై రికార్డులు, ఇరవై వేర్వేరు తేదీలు. అసలు డేటాలో ఒకే రోజు వందల రికార్డులు పడతాయి. తేదీ తర్వాత ఒక కామా పెట్టి ఐడీ అని చేర్చింది. అంతే మార్పు. వెళ్తూ వెళ్తూ ఆగి, "అంటే ఇదివరకు రాసిన పేజీలన్నీ చూడాలా?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఎంప్ టేబుల్‌లో కూడా మందు అదే. జీతం తర్వాత ఎంప్‌నో, అంటే ఉద్యోగి నంబరు. వార్డ్‌ది 7521, మార్టిన్‌ది 7654. ఇక ఎన్నిసార్లు అడిగినా, ఏ పద్ధతిలో పేర్చినా, వార్డ్ మొదటి పేజీలో ఆఖరివాడు, మార్టిన్ రెండో పేజీలో మొదటివాడు. ఇద్దరికీ ఒకే విలువ ఉండటానికి వీల్లేని కాలమ్ ఒకటి ఆర్డర్ బై చివర ఉండాలి. మా వృత్తిలో మినహాయింపు లేకుండా చెప్పగలిగిన మాటలు కొన్నే. ఇది వాటిలో ఒకటి.

ఈ జ్ఞానం మన సమాజానికి కొత్తదేం కాదు. ఎంసెట్ రాసిన ఏ ఇంట్లోనైనా అడగండి. మొత్తం మార్కులు సమానమైతే గణితం మార్కులు చూస్తారు, అవీ సమానమైతే భౌతికశాస్త్రం, అలా చూసుకుంటూ వెళ్లి చివరికి పుట్టినతేదీ దగ్గర ఆగి వయసులో పెద్దవాళ్లకి ముందు ర్యాంకు ఇస్తారు. లక్షల మందిలో ఇద్దరికి ఒకే మార్కులు రావడం వింత కాదని ఆ నియమం రాసినవాళ్లకి తెలుసు. సీటు ఒక్కటే మిగిలిన చోట ఆ ఇద్దరిలో ఎవరు ముందు అనేది ముందే రాసి ప్రకటించకపోతే అన్యాయమని కూడా తెలుసు. వయసుకి బదులు ఇంకేదైనా పెట్టొచ్చా అని వాదించుకోవచ్చు. వాదించుకోవడానికైనా ఒక నియమం బయట కనబడుతోంది. పది కంపెనీల వెబ్‌పేజీలు తీసి చూస్తే సమానుల మధ్య నియమం రాసి ఉన్నవి ఎన్ని ఉంటాయోనని నాకు బెంగ.

పేర్చి వెతికే విద్య కోసం ఇంకా వెనక్కి వెళ్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 55వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసులో ఇండెక్స్ పుస్తకాలు రాయాలి. మొదటి ఇండెక్స్ దస్తావేజు రాసిచ్చినవాళ్ల, రాయించుకున్నవాళ్ల పేర్లతో. రెండో ఇండెక్స్ ఆస్తి వివరాలతో. ఒకే దస్తావేజుకి మనిషి వైపునుంచి ఒక దారి, భూమి వైపునుంచి ఇంకో దారి. డేటాబేస్ ఇండెక్స్ అంటే ఏమిటని ఫ్రెషర్లు అడిగితే నేను ఈ పుస్తకాల గురించే చెబుతాను. ఇప్పటి డేటాబేసుల్లో ఇండెక్సులకి ఆధారమైన బి-ట్రీని బోయింగ్‌లో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించింది 1970 ప్రాంతంలో. దానికి అరవై ఏళ్లకి ముందే మన తాలూకా కేంద్రాల్లో గుమాస్తాలు రెండు కాలమ్‌ల మీద రెండు ఇండెక్సులు చేత్తో నిలబెట్టారు.

1998లో, హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఏడాదే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే ప్రాజెక్టు కింద రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటరీకరించింది. ఆ రెంటిలో మాదాపూర్ గుండ్రటి భవనం గురించి బోలెడు రాశారు. నా దృష్టిలో రెండోదే పెద్ద సంఘటన. పొలం కొనబోయే రైతు తీసుకునే ఈసీ, అంటే ఆ భూమి మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జరిగిన లావాదేవీల జాబితా, అప్పట్నుంచి ఒక డేటాబేస్ ప్రశ్నకి జవాబైంది. ఊరు, సర్వే నంబరు, కాలవ్యవధి, ఇవి ఫిల్టర్లు. దస్తావేజు తేదీ సార్టింగ్. అచ్చు వేస్తే పేజీలు. ఇలాంటి జాబితాలో ఒక తనఖా రెండు పేజీల మధ్య జారిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకే రోజున ఒకే భూమి మీద అమ్మకం, తనఖా రెండూ రిజిస్టరవడం మామూలే, బ్యాంకు లోనుతో కొనేటప్పుడు అలా జరుగుతుంటుంది. తేదీ ఒకటే అయినప్పుడు వాటిలో ఏది ముందు వస్తుందన్నది దస్తావేజు నంబరు చెప్పాలి. అదృష్టవశాత్తు రిజిస్ట్రేషన్ శాఖవాళ్లు ప్రతి దస్తావేజుకీ వరుస నంబరు, సంవత్సరం వేసే అలవాటు కంప్యూటర్ రాకముందే చేసుకున్నారు.

జాబితా కదలకుండా ఉన్నంతవరకు ఈ కథ ఇంతే. అసలు జాబితాలు కదులుతుంటాయి. పేజీలు తిప్పడానికి అందరూ మొదట నేర్చుకునేది లిమిట్, ఆఫ్‌సెట్. రెండో పేజీ కావాలంటే పై పది వదిలేసి తర్వాతి పది ఇవ్వు అని అడగడం. మనం మొదటి పేజీ చదువుతుండగా అందులోంచి ఒక వరుస తొలగిపోయిందనుకోండి. పదకొండోది పదో స్థానానికి జరుగుతుంది. మనం రెండో పేజీ నొక్కుతాం, డేటాబేస్ పది వదిలేసి పన్నెండోదిగా ఉన్నదాన్నుంచి ఇస్తుంది. పదకొండోది మన కళ్లముందునుంచే పోయింది.

ఆధార్ సెంటర్ దగ్గరో, ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గరో క్యూలో నిలబడినవాళ్లు మంచినీళ్లకి వెళ్లాల్సి వస్తే ఏమంటారు? ముందున్న మనిషితో "మీ వెనక నేనేనండీ, కాస్త చూస్తుండండి" అని చెప్పి వెళ్తారు. నాది ఇరవై ఒకటో స్థానం అని లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు. తిరిగొచ్చేసరికి ముందు నలుగురు తగ్గుతారని, మధ్యలో ఎవరో చేరతారని అందరికీ తెలుసు. పేజీలు తిప్పే రెండో పద్ధతి సరిగ్గా ఇదే. కీసెట్ పేజినేషన్ అంటారు. మొదటి పేజీలో చివర వార్డ్ ఉన్నాడు, అతని జీతం 1250, నంబరు 7521. తర్వాతి పేజీ కోసం అడగాల్సింది: జీతం 1250 కంటే తక్కువవాళ్లు, లేదా 1250 ఉండి నంబరు 7521 కంటే పెద్దవాళ్లు, వాళ్లలో మొదటి పదిమంది. పైన ఎందరు చేరినా ఎందరు పోయినా ఈ ప్రశ్నకి జవాబు తప్పదు. వియన్నాలో ఉండే డేటాబేస్ నిపుణుడు మార్కుస్ వినాండ్ ఏళ్లుగా ఈ పద్ధతి కోసం ప్రచారం చేస్తున్నారు.

ఇందులో వేగం లాభం కూడా ఉంది. ఆఫ్‌సెట్‌తో వదిలేయమన్న వరుసల్ని కూడా సర్వర్ లెక్కగట్టి తీరాలని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. పదివేలవ పేజీ అడిగితే దానికి ముందున్న పేజీలన్నీ తయారుచేసి పారేసి, ఆఖరి పది వరుసలు మన చేతిలో పెడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అయితే మామూలు సెట్టింగుల్లో పదివేల ఫలితాల తర్వాత ఇలా అడగనే అడగనివ్వదు. కీసెట్‌లో నష్టమల్లా నేరుగా 37వ పేజీకి దూకలేకపోవడం. దాన్ని నేను నష్టంగా లెక్కపెట్టను. 37వ పేజీ దాకా వెళ్లాల్సి వస్తోందంటే ఆ మనిషికి ఇంకో ఫిల్టర్ కావాలి.

మాదాపూర్, కొండాపూర్ పీజీల్లో ఉండి ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలకి ఒక అలవాటుంది. పొద్దున్నే లేచి జాబ్ పోర్టల్‌లో ప్రొఫైల్ తెరుస్తారు. రెజ్యూమెలో ఒక ఫుల్‌స్టాప్ తీసి, మళ్లీ పెట్టి, సేవ్ చేస్తారు. రిక్రూటర్లు పది గంటలకి వచ్చి జావా, మూడేళ్ల అనుభవం, హైదరాబాద్ అని ఫిల్టర్లు పెట్టి, ఇటీవల మార్చిన ప్రొఫైళ్లు ముందు వచ్చేలా చూస్తారని వాళ్ల సీనియర్లు చెప్పారు. నిజమే, అలా చూస్తారు. మొదటి రెండు మూడు పేజీలు దాటి వెళ్లేవాళ్లు తక్కువ. ఫుల్‌స్టాప్ తీసి పెట్టిన అమ్మాయికి, పెట్టని అమ్మాయికి చదువులో తేడా లేదు, పనిలో తేడా లేదు. ఎవరో ఒక డెవలపర్ ఎప్పుడో డిఫాల్ట్ సార్ట్ అన్న చోట అప్‌డేటెడ్ డేట్ అని రాసి, టికెట్ క్లోజ్ చేసి ఇంటికి వెళ్లిపోయిన ఫలితం అది. ఆ ఒక్క మాట కోసం ఈ ఐటీ కారిడార్‌లో వేలమంది తెల్లవారుజామున లేస్తున్నారు.

దీన్లో కీసెట్‌కి కూడా లొంగని చిక్కు ఒకటుంది. రిక్రూటర్ మొదటి పేజీ చదువుతున్న నిమిషంలోనే రెండో పేజీలో ఉన్న అబ్బాయి తన ప్రొఫైల్ సేవ్ చేశాడనుకోండి. అతను పైకి, రిక్రూటర్ చదివేసిన చోటికి వెళ్లిపోతాడు. పైకి రావాలనే సేవ్ చేశాడు, అందుకే కనబడకుండా పోయాడు. పేర్చడానికి వాడే విలువే కదులుతుంటే చివరి వరుసని గుర్తుపెట్టుకున్నా లాభం లేదు. పది గంటలకి ఉన్న జాబితా ఇది అని ఒక సమయం దగ్గర దాన్ని ఆపి ఉంచి, ఆ పేజీలు పూర్తయ్యేదాకా దాన్నే చూపించాలి. ఖర్చుతో కూడిన పనే. మనుషుల జాబితాలకి ఆ ఖర్చు పెట్టాలని నేను మీటింగుల్లో గట్టిగానే అడుగుతాను.

ఫిల్టర్ల గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మళ్లీ ఎంప్ టేబుల్ దగ్గరికే వద్దాం. కామ్ అనే కాలమ్‌లో కమిషన్ ఉంటుంది. సేల్స్‌మెన్ నలుగురికే విలువలున్నాయి: అలెన్ 300, వార్డ్ 500, మార్టిన్ 1400, టర్నర్ సున్నా. మిగతా పదిమందికి అది ఖాళీ, డేటాబేస్ భాషలో నల్. కమిషన్ 300 కానివాళ్లని చూపించు అని అడిగితే మామూలు బుద్ధికి అలెన్ ఒక్కడు పోయి పదముగ్గురు రావాలి. వచ్చేది ముగ్గురు. ఖాళీ అంటే తెలియదు అని అర్థం, తెలియనిది 300 కాదని డేటాబేస్ ఖాయంగా చెప్పలేదు, అందుకే ఆ పదిమందినీ వదిలేస్తుంది. నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లో నింపని అభ్యర్థులు, ఫోన్ నంబరు లేని పెన్షన్‌దారులు, పుట్టినతేదీ సరిగ్గా తెలియక ఖాళీ వదిలిన పెద్దవాళ్లు ఇలాగే పోతారు. అప్లికేషన్లలో గళ్లు ఖాళీగా వదిలేది ఎక్కువగా ఎవరో మనకి తెలియంది కాదు. నింపిపెట్టేవాళ్లు పక్కన లేనివాళ్లే.

స్క్రీన్ మీద జరిగే పొరపాట్లు కొన్ని ఇంకా మామూలువి. కాలమ్ పేరు మీద నొక్కితే బాణం గుర్తు తిరుగుతుంది, జాబితా మారుతుంది. చాలాచోట్ల మారేది బ్రౌజర్లో అప్పుడు కనబడుతున్న పది వరుసలే, వెనకున్న వేలు అలాగే ఉంటాయి. పైనున్నదే అన్నిట్లోకీ పెద్దదని చూసేవాళ్లు అనుకుంటారు. ఏడో పేజీలో ఉండి ఫిల్టర్ మారిస్తే కొత్త ఫలితాలు రెండు పేజీలే ఉన్నా ఏడో పేజీనే వెతికి, రికార్డులు లేవు అని చూపించే అప్లికేషన్లు ఉన్నాయి. ఉన్నవాటిని పట్టుకుని లేవని చెప్పడం అది. ఫిల్టర్ మారిన మరుక్షణం మొదటి పేజీకి వెళ్లాలి, సార్టింగ్ సర్వర్ దగ్గరే జరగాలి. ఇంతకు మించి ఇక్కడ చెప్పేదేం లేదు.

మన పేర్ల సంగతి మాత్రం కాసేపు చెప్పుకోవాలి. ఇక్కడ రాసే అప్లికేషన్లలో ఎక్కువ భాగం అమెరికా క్లయింట్లవి, లాస్ట్ నేమ్ ప్రకారం సార్ట్ చేయమంటాయి. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. ఫారంలో ఒకరు దాన్ని ఫస్ట్ నేమ్ గడిలో రాస్తారు, ఇంకొకరు ఒక్క అక్షరానికి కుదిస్తారు, మరొకరు అసలు రాయరు. ఫలితంగా లాస్ట్ నేమ్ కాలమ్‌లో కుమార్లు, రెడ్డీలు, రావులు పేజీలకి పేజీలు వస్తారు. పది వరుసల పేజీలో పదీ రెడ్డీలే, తర్వాతి పేజీలోనూ అంతే. సమానుల మధ్య క్రమం చెప్పకపోతే వార్డ్, మార్టిన్‌ల కథ ఇక్కడ ఇద్దరితో ఆగదు, వందలమందితో నడుస్తుంది. ఇంగ్లీషులో లక్ష్మిని ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఒకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు. ఫిల్టర్‌కి వాళ్లిద్దరూ వేరు.

తెలుగులోనే రాస్తే తీరిపోతుందా అంటే, తీరదు. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందుంది. మనం పలక మీద దిద్దిన వరుసలో య ర ల వ శ ష స హ అయ్యాక ళ వస్తుంది. కోడ్ నంబర్ల ప్రకారం పేర్చే డేటాబేస్‌కి పలక తెలియదు. సున్నాకి అచ్చుల కంటే కూడా ముందు నంబరు ఇచ్చారు. తెలుగు పేర్లలో ఇంకో గుట్టు, చివర పొల్లు వచ్చే శ్రీనివాస్, రమేష్ లాంటివి. కొన్ని కీబోర్డులు ఆ పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండు శ్రీనివాసులూ ఒకేలా ఉంటారు. ఒక పేరుతో వెతికితే రెండోవాళ్లు రారు. తెలంగాణ సర్వే నంబర్లు చూడండి, 45/అ, 45/ఆ, 45/అ/1 అని ఉంటాయి కాబట్టి వాటిని అంకెలుగా దాచలేం, అక్షరాలుగా దాచాలి. అక్షరాలుగా దాస్తే 1 తర్వాత 10, 100, 101, 11 వచ్చి ఎప్పటికో 2 వస్తుంది. తన రెండో నంబరు సర్వే కోసం జాబితాలో ఒకటి పక్కన వెతికి, లేదనుకుని వెనుదిరిగే మనిషి ఉంటారని తెలిసే ఈ పని చేయాలి. నంబరుని, బై నంబరుని విడదీసి, మొదటిదాన్ని అంకెగా పేర్చడం ఒక పూట పని.

వీటన్నిటికోసం మా టీమ్‌కి ఒక టెస్ట్ డేటా తయారుచేశాం. అందులో ఒకే తేదీన చేరినవాళ్లు పేజీ హద్దు దగ్గర పడేలా ఉన్నారు. లాస్ట్ నేమ్ రెడ్డి ఉన్నవాళ్లు రెండు పేజీలు దాటి ఉన్నారు. కమిషన్ ఖాళీగా ఉన్నవాళ్లు, పుట్టినతేదీ లేనివాళ్లు, కనబడని గుర్తు ఉన్న శ్రీనివాస్, లేని శ్రీనివాస్, 2, 10, 45/అ, అన్నీ ఉన్నాయి. టెస్ట్ ఒక్కటే: ఏ ఫిల్టర్ పెట్టినా, ఏ కాలమ్ మీద సార్ట్ చేసినా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పుతూ ఐడీలన్నీ ఒక చోట చేర్చాలి. తిప్పుతుండగా మధ్యలో ఒక వరుస తీసేయాలి, ఒకటి చేర్చాలి. చివరికి చేరిన ఐడీల్లో రెండుసార్లు వచ్చింది ఉందా అని కాకుండా, రావాల్సి ఉండి రానిది ఉందా అని చూస్తుంది ఆ టెస్ట్. ఉంటే ఆ ఐడీని, ఆ మనిషి పేరునీ ఎర్ర అక్షరాల్లో చూపించి బిల్డ్‌ని ఆపేస్తుంది. పేరు చూపించాలని అడిగింది తేదీ పక్కన కామా చేర్చిన ఆ అమ్మాయే.